మెస్సు టేబుల్ దగ్గర నేర్చుకున్న బయాలజీ

మన తెలుగులో "పడదు" అనే మాట ఒకటుంది చూశారూ, అంత చాకిరీ చేసే మాట ఇంకోటి లేదేమో అనిపిస్తుంది నాకు. పెద్దమ్మకి వంకాయ పడదు. బావకి పాలు పడవు. పక్కింటాయనకి పెన్సిలిన్ పడదు. ఊరినుంచి వచ్చిన మామయ్యకి హైదరాబాదు నీళ్ళు పడలేదు. నాకూ మా పాత టీమ్ లీడుకీ పడదు. కాస్త ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్ళం కనక వీటన్నిటికీ కలిపి "ఎలర్జీ" అని పేరు పెట్టేసుకున్నాం. మా ఆఫీసులో ఒకాయనకి సోమవారం పొద్దున్న స్టాండప్ మీటింగంటే ఎలర్జీ. (నిజంగానే తుముతాడు లెండి. ఏసీ వల్లట.)

ఈ ఒక్క మాట కింద ఎన్ని వేరువేరు సంగతులు దాక్కుని ఉన్నాయో నాకు చెప్పింది డాక్టర్లు కాదు, పుస్తకాలు కాదు. ఎం.టెక్. రోజుల్లో నాతో కలిసి మెస్సులో తిన్న బయాలజీ పీహెచ్‌డీ వాళ్ళు. వాళ్ళ గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. ఇప్పటికి కుదిరింది.

మన దగ్గర పదో తరగతి అవగానే మనుషుల్ని రెండు జాతులుగా విడగొడతారు కదా, ఎంపీసీ, బైపీసీ అని. ఆ రోజుతో మనకీ ప్రాణమున్న వస్తువులకీ సంబంధం తెగిపోతుంది. ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్, ఇంజనీరింగు, క్యాంపస్ ప్లేస్‌మెంటు. మన ఒంట్లో ఏం జరుగుతోందో కనుక్కోవాల్సిన పని మళ్ళీ ముప్ఫై దాటి మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకునేదాకా రాదు. నేనూ అదే దారిలో పోయేవాణ్ణే. 2021లో బెంగళూరులో ఎం.టెక్.లో చేరాక మా మెస్సులో ఒక తెలుగు టేబులుండేది. దాని ముఖ్య ఆకర్షణ ఎవరింటినుంచో వచ్చిన ఆవకాయ సీసా. ఆ సీసా చుట్టూ చేరినవాళ్ళలో కంప్యూటర్ సైన్సు వాళ్ళం ముగ్గురం, మిగతావాళ్ళంతా బయాలజీ. పీహెచ్‌డీ ఐదో ఏడు, ఆరో ఏడు. "ఎప్పుడయిపోతుంది?" అని మాత్రం అడక్కూడదు, అన్నం సహించదు వాళ్ళకి.

వాళ్ళ అసలు పేర్లెందుకుగానీ, మేం పిలుచుకున్న పేర్లే చెప్తాను. ఒకాయన ఈగల అన్న. అరటిపండు కాస్త మగ్గితే దాని మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగల మీద ఆయన పని. సరిగ్గా భోజనం మధ్యలో వాచీ చూసుకుని లేచిపోయేవాడు. ఏమిటంటే, కొత్తగా బయటికొచ్చిన ఆడ ఈగ దాదాపు ఎనిమిది గంటలపాటు మగ ఈగని దగ్గరికి రానివ్వదు. ఆ లోపే దాన్ని వేరు చేసి సీసాలో పెట్టాలి, లేకపోతే దాని పిల్లలకి తండ్రెవరో తెలియదు. ఒక్కపూట బద్ధకిస్తే ఆ సంకరం మొత్తం పాడు, మళ్ళీ ఓ పది పన్నెండు రోజులు ఆగాలి. పండగైనా, పెళ్ళైనా ఈగలు ఆగవు కదా. మేం ఆన్-కాల్ డ్యూటీ అంటే ఏడుస్తాం. ఆయన ఐదేళ్ళు ఆన్-కాల్‌లో ఉన్నాడు, ఈగల కోసం.

ఇంకొకాయన టీబీ అన్న. ల్యాబుల్లో అందరూ పెంచే ఈ.కోలై బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ బాక్టీరియా రెండవ్వాలంటే దాదాపు ఇరవై గంటలు. ప్లేటు మీద కంటికి కనపడే చుక్క అవ్వాలంటే మూడు నాలుగు వారాలు. అంటే మనకి బిల్డు ఇరవై నిమిషాలు పడితే తిట్టుకుంటూ టీ తాగొస్తాం, ఆయనకి బిల్డు నెల! ఆ నెల తర్వాత ప్లేటులో ఇంకేదో పెరిగి కనిపించిన రోజున ఆయన మొహం చూశాను. "ఇంకోసారి చూద్దాం" అని పెరుగన్నం కలుపుకున్నాడు. అంతే. నాకైతే ఆ ఓపిక ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులోనూ దొరకలేదు.

సరే, అసలు మనిషి దగ్గరికొద్దాం. ఎలుకల అక్క. గుంటూరు జిల్లావిడ. ఆవిడ పని మాస్ట్ సెల్స్ అనే కణాల మీద. ఎలర్జీ గురించి నాకు తెలిసినదంతా ఆవిడ చలవే.

మాస్ట్ సెల్స్ మన ఒంట్లో సరిహద్దుల్లో కాపలా ఉంటాయిట. చర్మం కింద, ముక్కులో, ఊపిరితిత్తుల గొట్టాల్లో, పేగుల్లో, అంటే బయటి ప్రపంచం మనని తాకే ప్రతిచోటా. ఒక్కొక్కదాని కడుపునిండా చిన్న చిన్న సంచులు, ఆ సంచుల్లో హిస్టమిన్, ఇంకా బోలెడు సరుకు. అవి పగిలాయంటే దురద, దద్దుర్లు, ముక్కు కారటం, గొంతు వాపు, ఊపిరి ఆడకపోవటం.

ఎప్పుడు పగులుతాయి? ఇక్కడే అందం ఉంది. ఏదో ఒక ప్రోటీను, వేరుశనగదే అనుకోండి, మొదటిసారి ఒంట్లోకి వచ్చినప్పుడు ఏమీ అవ్వదు. కాకపోతే కొంతమందిలో శరీరం దాన్ని శత్రువని రాసుకుని, దానికోసం ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేస్తుంది. ఈ ఐజీఈ వెళ్ళి మాస్ట్ సెల్ ఒంటి మీద తోక గుచ్చుకుని, చేతులు బయటికి చాపి కూర్చుంటుంది. వారాలు, నెలలు. మళ్ళీ ఎప్పుడో ఆ ప్రోటీను వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈ చేతుల్ని కలిపి పట్టుకుందా, నిమిషాల్లో సంచులు పగిలిపోతాయి. "నిన్నటిదాకా తిన్నదే కదా, ఇవాళ ఎందుకొచ్చింది?" అని అందరూ అడిగే ప్రశ్నకి ఇదే జవాబు. ముందు తిన్నప్పుడో, తాకినప్పుడో రిజిస్టరయింది, ఇప్పుడు ఫైరయింది.

"ఓస్, కాల్‌బ్యాక్ ఫంక్షనే కదా!" అన్నాను నేను. కాల్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పించుకుని, ఆవిడ సగం ఒప్పుకుంది. "మీ ఫంక్షన్ని పిలిస్తే దాని పని అది చేసుకుని ఊరుకుంటుంది. ఇది వీధిలో వాళ్ళనందర్నీ లేపుతుంది. కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్స్ అనీ వేరే కణాలు గుంపుగా వచ్చి రెండో రౌండు మొదలెడతాయి. పొద్దున్న తగ్గింది కదా అనుకున్న ఆయాసం సాయంత్రం మళ్ళీ తిరగబెట్టేది అందుకే" అంది. పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ తెగుతుందో రెండూ చెప్పటం వాళ్ళ అలవాటు. మనకి పోలిక దొరికితే చాలు, డిజైన్ డాక్యుమెంటు రాసేస్తాం.

ఈ కథకి చరిత్ర కూడా భలేగా ఉంటుంది. "ఎలర్జీ" అన్న మాటని 1906లో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు పుట్టించాడు. గ్రీకులో "వేరే", "పని" అన్న రెండు మాటలు అతికించి. డిఫ్తీరియాకి గుర్రపు సీరం ఇచ్చిన పిల్లలు రెండో డోసుకి వేరేగా స్పందించటం చూసి పెట్టిన పేరది. మేలు చేసే మార్పుకీ కీడు చేసే మార్పుకీ కలిపి ఒకటే మాట అన్నమాట ఆయన ఉద్దేశంలో. అంటే మొదట్లో అది కూడా మన "పడదు" లాంటి విశాలమైన మాటే!

తర్వాత 1921. జర్మనీలో ప్రౌస్నిట్స్, క్యూస్ట్నర్ అని ఇద్దరు. క్యూస్ట్నర్‌కి చేప పడదు. ఆయన రక్తం నుంచి సీరం తీసి ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం పొడిస్తే అక్కడ దద్దురు లేచింది. చేప హాయిగా తినే మనిషి ఒంటిమీద, ఆ రూపాయి బిళ్ళంత చోట మాత్రం చేప పడలేదు! అంటే పడకపోవటమనేది రక్తంలో తిరిగే ఏదో వస్తువు వల్ల అని తేలింది. ఆ వస్తువేమిటో పట్టుకోవటానికి ఇంకో నలభై ఐదేళ్ళు పట్టింది. 1966-67ల్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్ వేరువేరు దారుల్లో వచ్చి ఒకదాన్నే పట్టుకున్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు ఖాయమైంది. అంత ఆలస్యం ఎందుకంటే, మామూలు ఐజీజీ యాంటీబాడీతో పోలిస్తే రక్తంలో ఇది వేల రెట్లు తక్కువ. గడ్డివాములో సూది. ఆ సూదిని పట్టుకున్నందుకు దాన్ని అడ్డుకునే మందు కూడా వచ్చింది, ఒమాలిజుమాబ్ అని. అమెరికాలో 2003లో ఆస్తమాకి, 2024లో ఆహార ఎలర్జీలకి అనుమతి దొరికింది.

1921 నాటి ఆ ప్రయోగాన్నే ఎలుకల అక్క ఎలుక చెవిలో చేసేది. ఒక చెవికి ఐజీఈ, రెండో చెవికి ఉప్పునీళ్ళు. మర్నాడు రక్తనాళంలోకి నీలం రంగు కలిపిన యాంటిజెన్ ఎక్కిస్తే, మాస్ట్ సెల్స్ పగిలిన చెవిలో రక్తనాళాలు కారి చెవి నీలంగా మారుతుంది. రెండోది మామూలుగా ఉంటుంది. "రెండో చెవి ఎందుకు?" అనడిగాను ఒకసారి. "అది లేకపోతే మొదటి చెవికి అర్థం లేదు" అంది. రాసుకోవాల్సిన మాట కదూ.

ఇక "పడదు" సంగతి. ఒకరోజు మెస్సులో కంద కూర పెట్టారు. నా పక్కవాడు గొంతు దురద, నాకు కంద ఎలర్జీ అన్నాడు. దాంతో టేబులంతా లేచి కూర్చుంది. ఆ పూట తేలింది ఇదీ.

కంద, చేమదుంప దురద ఎలర్జీ కాదు. ఆ దుంపల్లో క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. సరిగ్గా ఉడక్కపోతే అవి నిజంగానే గొంతులో గుచ్చుకుంటాయి. ఎవరికైనా గుచ్చుకుంటాయి. మన పెద్దవాళ్ళు చింతపండు వేసి ఉడికించటం ఊరికే కాదు.

పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు, ఇది కూడా చాలావరకు ఎలర్జీ కాదు. పాలలో చక్కెరని విరగ్గొట్టే లాక్టేజ్ అనే ఎంజైము ప్రపంచంలో ఎక్కువమందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. పెరుగైతే కొంత పని బాక్టీరియా ముందే చేసి పెడుతుంది కాబట్టి సర్దుకుంటుంది. ఇందులో ఇమ్యూన్ సిస్టమ్ పాత్రే లేదు. అదే పసిపిల్లలకి పాల ప్రోటీను మీద ఐజీఈ ఉంటే అది పూర్తిగా వేరే కథ, అక్కడ ఒక్క గుక్క కూడా ప్రమాదమే.

వయ్యారిభామ. పేరెంత ముద్దుగా ఉందో చూడండి, పార్థీనియం కలుపు మొక్కకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు. 1950ల్లో పుణె దగ్గర కంటబడి ఇప్పుడు దేశంలో ఖాళీ స్థలం కనపడితే చాలు మొలుస్తోంది. అది పీకే రైతుల చేతులు, మెడ, మొహం మీద వచ్చే గజ్జి లాంటి దద్దుర్లు ఎలర్జీయే, కానీ ఐజీఈ కాదు. అది టీ సెల్స్ చేసే పని. నిమిషాల్లో కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత తేలుతుంది. అందుకే దానికి చేసే ప్యాచ్ టెస్టు కూడా రెండు రోజులు వీపుకి అంటించి ఉంచాలి. (దాని పుప్పొడికి తుమ్ములు రావటం మళ్ళీ వేరే సంగతి.)

వేరుశనగ, గుడ్డు, రొయ్యలు, జీడిపప్పు తిన్న కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయటం, వాంతి, ఆయాసం వచ్చాయా, అది అచ్చమైన ఐజీఈ. దద్దుర్లతో పాటు ఊపిరికి ఇబ్బందైనా, కళ్ళు తిరిగి పడిపోతున్నా దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. అప్పుడు సిట్రిజిన్ బిళ్ళ వేసి కూర్చుంటే సరిపోదు. తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, పరుగున ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, మిగతా వ్యాసమంతా మర్చిపోయినా పరవాలేదు.

నాలుగు రోగాలకి ఒకటే ఎర్రర్ మెసేజి: "పడదు". లాగ్ చూడకుండా మెసేజిని బట్టి ఫిక్స్ చేస్తే ఏమవుతుందో మనకి చెప్పాలా?

ఇది కబుర్లుగానే ఉండిపోయేది, మా అక్క కొడుకు సంగతి రాకపోతే. వాడికి అప్పుడు రెండేళ్ళు. బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రగా పొడిబారి, రాత్రంతా గోక్కునేవాడు. ఎగ్జిమా. వాళ్ళుండే అపార్ట్‌మెంట్స్‌లో ఒక ల్యాబు వాళ్ళు ఆదివారం పూట టెంటు వేసి, రెండు వందల ఆహార పదార్థాలకి ఒక్క రక్తపు చుక్కతో పరీక్ష అని ప్యాకేజీ అమ్మారు. రంగురంగుల రిపోర్టు వచ్చింది. పాలు ఎరుపు, గుడ్డు ఎరుపు, గోధుమ ఎరుపు, కందిపప్పు ఎరుపు, వేరుశనగ ఎరుపు, అరటిపండు నారింజ. మా బావ కూడా మన జాతివాడే కదా, దాన్ని ఎక్సెల్ షీటులోకి ఎక్కించి ఫ్రిజ్ మీద అంటించాడు. అన్నీ మానిపించారు. ఐదు నెలల తర్వాత నేను వెళ్ళేసరికి పిల్లాడి బరువు ఒక్క గ్రాము పెరగలేదు. గోకుడు మాత్రం అలాగే ఉంది. మా అమ్మ ఒక పక్క దిష్టి తీస్తోంది, ఇంకో పక్క సున్నిపిండితో నలుగు పెడుతోంది. మా అక్క ఏడుస్తోంది, వాడికి పెట్టటానికి ఏమీ మిగల్లేదని.

ఎలుకల అక్క అప్పటికి పోస్ట్‌డాక్‌కి విదేశం వెళ్ళిపోయింది. ఫోను చేశాను. కష్టాలన్నీ చెప్పుకొస్తుంటే మధ్యలో ఆపి ఒకటే ప్రశ్న అడిగింది. "రిపోర్టులో ఉన్నది ఐజీఈ యా, ఐజీజీ యా?"

కిందనుంచి రెండో లైనులో, చిన్న అక్షరాల్లో ఉంది. ఐజీజీ.

"అయితే అది ఎలర్జీ రిపోర్టు కాదురా. వాడు ఏమేం తిన్నాడో దాని జాబితా" అంది. తిన్న ప్రతి ఆహారం మీదా ఒంట్లో కాస్తో కూస్తో ఐజీజీ తయారవుతుంది. అది రోగం కాదు, పరిచయం. రోజూ తినేవే ఎర్రగా కనపడతాయి, ఎప్పుడూ తిననివి పచ్చగా ఉంటాయి. యూరప్ ఎలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ ఐజీజీ పరీక్షలు ఆహార ఎలర్జీ తేల్చటానికి వాడొద్దని చెప్పింది, అమెరికా వాళ్ళూ తర్వాత అదే చెప్పారు. ఇంకా ఆవిడ ఏమందంటే, "నేను ఎలుకల డాక్టర్ని కూడా కాను, ఎలుకలతో పనిచేస్తానంతే. పిల్లల ఎలర్జీ చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానేసినవి ఇంట్లో మీ అంతట మీరు మాత్రం మళ్ళీ మొదలెట్టకండి. ఎగ్జిమా ఉన్న పిల్లలు తింటున్నదాన్ని చాన్నాళ్ళు మానేస్తే, లేని ఎలర్జీ వచ్చే అవకాశం ఉంది."

ఆ చివరి మాటకి మా బావ మొహం పాలిపోయింది. అది నిజం కూడా. లండన్‌లో గిడియన్ లాక్ అనే ఆయన చెప్పే సూత్రం ఒకటుంది. ఆహారం నోటిద్వారా వెళ్తే ఒళ్ళు దాన్ని స్నేహితుడిగా నేర్చుకుంటుంది, చిట్లిన చర్మం ద్వారా వెళ్తే శత్రువుగా నేర్చుకుంటుంది. జపాన్‌లో గోధుమ ప్రోటీను కలిపిన మొహం సబ్బు ఒకటి వాడి, రెండు వేలమందికి పైగా జనానికి, అంతకుముందు రొట్టె తిన్నవాళ్ళకే, గోధుమ ఎలర్జీ వచ్చింది. 2011 నాటికి ఆ గొడవ బయటపడింది. అలాంటప్పుడు నోరు కట్టేసి, చిట్లిన చర్మానికి పిండి రుద్దితే ఏమవుతుంది చెప్పండి?

డాక్టరమ్మ దగ్గర నేను కూడా ఉన్నాను. ఆవిడ ఆ రంగుల రిపోర్టు పక్కన పెట్టి, అరగంటసేపు ప్రశ్నలే అడిగారు. ఏం తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమయింది, ఎన్నిసార్లు. తర్వాత అనుమానమున్న నాలుగైదింటికి మాత్రం చర్మం మీద చుక్కలేసి గుచ్చారు. వాటితోపాటు ఒక చుక్క ఉప్పునీళ్ళు, ఒక చుక్క హిస్టమిన్. నేను వెంటనే గుర్తుపట్టాను, ఎలుక రెండో చెవి! ఉప్పునీళ్ళ దగ్గర దద్దురు లేస్తే వీడి చర్మం ఊరికే లేస్తోందని అర్థం. హిస్టమిన్ దగ్గర లేవకపోతే పరీక్షే పనిచెయ్యట్లేదని అర్థం, ఏదో దగ్గుమందులో యాంటీహిస్టమిన్ ఉండుంటుంది. రెండూ సరిగ్గా ఉంటేనే మిగతావి చదవాలి. పదిహేను ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. గుడ్డు దగ్గర పెద్ద దద్దురు, వేరుశనగ దగ్గర చిన్నది, మిగతా చోట్ల ఏమీ లేదు.

"వేరుశనగ కూడా ఉందన్నమాట" అన్నాడు బావ, ఎక్సెల్ షీటు గెలిచిందన్నట్టు. "ఉందని కాదు, ఉండొచ్చని" అన్నారు ఆవిడ. ఇది మన ఐటీ వాళ్ళం జాగ్రత్తగా వినాల్సిన ముక్క. యూరోప్రివాల్ అనే ప్రాజెక్టులో భాగంగా మన కర్ణాటకలోనే పెద్దవాళ్ళ మీద ఒక సర్వే జరిగింది, 2016లో ప్రచురించారు. ఏదో ఒక ఆహారానికి రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్ళు నూటికి 26 మంది పైనే. తింటే నిజంగా ఎలర్జీ లక్షణాలున్నవాళ్ళు ఒక్క శాతం కాస్త పైన, అంటే 1.2. లింట్ వార్నింగులన్నీ బగ్గులు కానట్టే, ఐజీఈ ఉన్నవాళ్ళంతా రోగులు కారు. సరైన యాంటీబాడీని కొలిచినా ఇంత తేడా ఉంటే, కొలవకూడనిదాన్ని కొలిచి రెండు వందల రంగులు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తేల్చుకునే పద్ధతి ఒకటే. ఆసుపత్రిలో, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, డాక్టరు కళ్ళ ముందు కొంచెం కొంచెం తినిపించి చూడటం. పల్లీ ముద్ద చిటికెడు, చెంచాలో పావు, సగం, ఒకటి. మా అక్క ఆ మూడు గంటలూ వాడి మొహంలోంచి చూపు తిప్పలేదు. ఏమీ కాలేదు. వాడు ఇంకా కావాలని చెంచా లాక్కున్నాడు. చివరికి నిజమైన ఎలర్జీ తేలింది గుడ్డు ఒక్కటే. అది కూడా కేకులో బాగా కాలిన గుడ్డయితే సరిపడింది. చాలామంది పిల్లలకి గుడ్డు ఎలర్జీ పెద్దయ్యేకొద్దీ పోతుందిట. ఎగ్జిమాకి స్నానం కాగానే మాయిశ్చరైజరు, ఎర్రబడ్డ చోట రాసిన మోతాదులో ఆయింట్‌మెంటు, నలుగు బంద్. నాలుగు నెలల్లో కిలోన్నర పెరిగాడు.

ఇక్కడ వేరుశనగ కథ ఇంకొంచెం చెప్పాలి. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఎలర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకి మూడేళ్ళదాకా వేరుశనగ పెట్టొద్దని సలహా ఇచ్చింది. సబబుగానే అనిపిస్తుంది వింటే. ఎలర్జీలు తగ్గలేదు సరికదా, 2008లో ఆ సలహాని వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. అదే ఏడు లాక్ బృందం ఒక తమాషా గమనించింది. ఇజ్రాయెల్‌లో పిల్లలు పళ్ళు రాకముందునుంచే బాంబా అనే పల్లీ చిరుతిండి చప్పరిస్తారు. బ్రిటన్‌లో ఉన్న యూదు పిల్లలకి అది అలవాటు లేదు. ఎలర్జీ బ్రిటన్ పిల్లల్లో పదిరెట్లు ఎక్కువ! దాంతో 640 మంది పసివాళ్ళని తీసుకుని, సగంమందికి పల్లీ పెట్టి, సగంమందికి మానిపించి, ఐదేళ్ళు వచ్చేదాకా ఆగారు. 2015లో ఫలితం వచ్చింది. మానినవాళ్ళలో నూటికి 17 మందికి ఎలర్జీ, తిన్నవాళ్ళలో నూటికి ముగ్గురికి. మంచిమనసుతో ఇచ్చిన సలహా తలకిందులైపోయింది. (మీ ఇంట్లో అన్నప్రాశన వయసు పిల్లలుంటే: పల్లీ గింజలు గొంతుకి అడ్డం పడతాయి, మెత్తటి ముద్దగానే. ఎగ్జిమా ఎక్కువగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టర్ని అడగాలి.)

ఇది విన్నప్పటినుంచి "మా చిన్నప్పుడు మట్టిలో ఆడాం, మాకేం రోగాల్లేవు" అనే వాట్సాప్ ఫార్వర్డులు కూడా నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతున్నాను. పూర్తిగా అబద్ధం కాదు. 1989లో స్ట్రాకన్ అనే ఆయన పదిహేడు వేలమంది పైన బ్రిటిష్ పిల్లల లెక్కలు చూసి, అన్నలూ అక్కలూ ఎక్కువున్న ఇళ్ళల్లో పుప్పొడి జలుబు తక్కువని చెప్పాడు. 2016లో అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు రైతు సమాజాల్ని పోల్చారు. పూర్వీకులు దగ్గరివాళ్ళే, తిండి దగ్గరిదే. ఆవులూ గుర్రాలతో పాతకాలపు సేద్యం చేసే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 5 శాతం, యంత్రాలతో చేసేవాళ్ళ పిల్లల్లో 21. అంటే సంగతి ఒఠ్ఠి మట్టి కాదు, పశువుల పాకలోని సూక్ష్మజీవుల సావాసం. దాన్ని పట్టుకుని చేతులు కడుక్కోవటం మానేస్తే వచ్చేది ఇమ్యూనిటీ కాదు, టైఫాయిడ్.

ఇంత చెప్పి నా ఉద్యోగానికి ఏం పనికొచ్చిందో చెప్పకపోతే బాగోదు. మా టీములో ఒక అలర్ట్ సిస్టమ్ మూడు వారాలుగా పచ్చగా, ప్రశాంతంగా ఉంది. అందరూ సంతోషం. నాకు హిస్టమిన్ చుక్క గుర్తొచ్చింది. కావాలని ఒక సర్వీసుని పడగొట్టి చూద్దామన్నాను. పడగొట్టాం. అలర్ట్ రాలేదు. మెసేజి పంపే అకౌంటు పాస్‌వర్డు గడువు ఎప్పుడో అయిపోయింది! అప్పటినుంచి మా దగ్గర వారానికోసారి "హిస్టమిన్ టెస్ట్" అని ఒక జాబ్ నడుస్తోంది. ఆ పేరెందుకో కొత్తగా చేరినవాళ్ళకి నేనే కథ చెప్తాను.

మన ఐటీ వాళ్ళకి ఒక నమ్మకం ఉంది, డేటా ఉంటే చాలు ఏ రంగమైనా మనకి లొంగుతుందని. ఆ ఎర్రరంగు రిపోర్టు కూడా డేటాయే మరి. రెండు వందల వరసలు, రెండు దశాంశాలు. దేన్ని కొలిచారు, ఎందుకు కొలిచారు, రెండో చెవి ఎక్కడ అని అడిగే అలవాటు లేకపోతే అంత డేటా ఉండీ పిల్లాడికి అన్నం లేకుండా పోయింది. ఆ ప్రశ్నలు అడగటం నాకు నేర్పినవాళ్ళకి మనలో చాలామంది మొదటి జీతం కంటే తక్కువ స్టైపెండు వస్తుంది, అదీ ఒక్కోసారి ఆలస్యంగా. మీ అపార్ట్‌మెంట్స్‌లోనో, బంధువుల్లోనో బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. "ఇంకా చదువుతున్నావా?" అని కాకుండా "ఏం చూస్తున్నావు?" అని అడిగి చూడండి. గంటసేపు వదలరు. ఆ గంట వృథా పోదు, నాదీ పూచీ :-)